తాళ్ళ కార్ఖానాలో ఆడవాళ్ళు లేరు

ఆఫీసులో ఆమెకు వెనకాల పెట్టిన పేరు ఎర్రచుక్క. ఎదురుపడితే మాత్రం అందరూ మేడమ్ అనేవాళ్ళు. పేరు సంగతి ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది. తెలిసినట్టు కనిపించడం దేనికని ఊరుకుంది.

పేరు ఊరికే రాలేదు. అది వీడియో గేములు తయారుచేసే కంపెనీ. కొత్త గేము నూటయాభై ఏళ్ళ కిందటి ఒక రేవులో, ఓడలకు తాళ్ళు పేనే కార్ఖానాలో జరుగుతుంది. అందులో కనిపించే ప్రతి వస్తువూ, ప్రతి మనిషీ ముందు ఆమె బల్ల దాటి వెళ్ళాలి. బొమ్మను అచ్చు తీసి తెచ్చి ముందు పెడతారు. అలాంటిది అప్పట్లో ఉండేదని కాగితం మీద ఆధారం దొరికితే ఆమె ఆకుపచ్చ చుక్క అంటిస్తుంది. ఉంటే ఉండొచ్చు అనిపిస్తే పసుపు. లేదంటే ఎరుపు. ఎర్ర చుక్కలు మొదటి నెలలోనే అయిపోయి మళ్ళీ తెప్పించాల్సి వచ్చింది. లాంతరు చిమ్నీకి ఎరుపు, కిటికీ గొళ్ళేనికి ఎరుపు, చివరికి గోడ మీద పడుకున్న ఒక పిల్లికి కూడా ఎరుపే, ఆ జాతి పిల్లి అప్పటికింకా ఆ తీరానికి రాలేదని. పిల్లిని గీసిన అమ్మాయి రెండు రోజులు భోజనం మానేసిందని ఆఫీసులో చెప్పుకుంటారు. అంత లేదు, ఒక్క పూటే.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసులో పాతికేళ్ళు పనిచేసి, ఆ తాళ్ళ కార్ఖానా మీదే ఒక పుస్తకం రాసింది. ఒక్కటే రాసింది. అది అచ్చయి పదకొండేళ్ళయింది. ఆ పుస్తకం చూసే కంపెనీవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. నాదీ అని లోకానికి చూపించుకోవడానికి ఆమెకు ఉన్నది ఆ పుస్తకమే, ఇందులో దాచుకోవడానికేముంది.

అమ్మ పోయి ఇరవై మూడు రోజులైంది. నాలుగో రోజునే ఆమె పనిలోకి వచ్చేసింది. పలకరించినవాళ్ళందరికీ "వయసైపోయింది కదండీ" అని ఒకే మాట చెప్పి మళ్ళీ చుక్కల పనిలో పడింది. ఏడుపు రాలేదు. ఒక సాయంత్రం తలుపేసుకుని, రమ్మని కూర్చుంది కూడా. అరగంట కూర్చుని, నడుం పట్టేస్తే లేచి గిన్నెలు తోముకుంది. మనసంతా తిమ్మిరెక్కిన కాలిలా ఉంది. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. అమ్మ బట్టలు మడతపెడుతున్నప్పుడు ప్రతిదానికీ కుడిచేతి కుట్టు ఎడమచేతికన్నా రెండంగుళాలు వదులుగా ఉండడం చూసింది. అమ్మ కుడి భుజం ఎడమదానికన్నా అంత లావుగా ఉండేది. బట్టలు కుట్టే ఆవిడ రెండు చేతులకూ రెండు కొలతలు రాసుకునేది. చూసింది, మడతపెట్టింది, సంచిలో వేసింది. అంతే.

ఇంతలో గేము తాలూకు మొదటి వీడియోను కంపెనీ బయటికి వదిలింది. అక్కడ మొదలైంది గొడవ. కథానాయిక తాళ్ళు పేనే మనిషి. నడుముకు నారకట్ట చుట్టుకుని, జుట్టు విరబోసుకుని, పొడవాటి షెడ్డులో వెనక్కి వెనక్కి నడుస్తూ తాడు పేనుతుంది, మధ్యలో ఆగి ఇద్దరు దొంగల్ని తంతుంది. గేములు ఆడేవాళ్ళు ఒంటికాలి మీద లేచారు. ఆ కాలంలో ఆ పనిలో ఆడది ఎక్కడుందని సగంమంది, ఉంటే మీకొచ్చిన నొప్పేమిటని సగంమంది. రెండు పక్షాల్లోనూ తాడు పేనడం కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళలో ఒక మర్యాదస్థుడు మాత్రం తిట్లేమీ లేకుండా, ఆమె పుస్తకంలోంచి అరవై మూడో పేజీ ఫోటో తీసి పెట్టాడు. "నూటపదేళ్ళ హాజరు పుస్తకాల్లో ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదు. తాళ్ళ కార్ఖానాలో ఆడవాళ్ళు పనిచేయలేదు" అని ఉందక్కడ. మాకు ఆడవాళ్ళంటే కోపం లేదు, అబద్ధమంటేనే కోపం అని కింద రాశాడు. పదకొండేళ్ళలో మూడువందల కాపీలు కూడా పోని పుస్తకంలో ఒక్క పేజీని ఒక్క రోజులో నాలుగు లక్షలమంది చదివారు.

ఇరవై మూడో రోజు పొద్దున పదింటికి డైరెక్టరు పిలిచాడు. ముప్పై ఆరేళ్ళవాడే, కానీ ఎంత గొడవలోనైనా గొంతు పెంచడని ఆఫీసంతా అతన్ని పెద్దాయన అంటుంది. గదిలో కథ రాసే అమ్మాయి కూడా ఉంది, మొహం కందగడ్డ చేసుకుని.

"ఒక దారి దొరికింది మేడమ్," అన్నాడు పెద్దాయన. "పాత్రని తియ్యం. గేము మొదలయ్యే ముందు తెర మీద ఒక మాట వేస్తాం. చరిత్ర ప్రకారం తాళ్ళ కార్ఖానాల్లో ఆడవాళ్ళు పనిచేయలేదు, ఈ పాత్ర పూర్తిగా మా కల్పన అని. కింద మీ పేరు, మీ సంతకం. మీరు చెప్తే ఇంక ఎవరూ నోరెత్తరు."

"అంటే నా పాత్ర నుదుటి మీద అబద్ధం అని రాసి పంపిస్తున్నారన్నమాట," అంది కథ రాసే అమ్మాయి.

"మరి అబద్ధమే కదమ్మా," అంది ఆమె. కోపంగా కాదు, టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. "పైగా ఆ జుట్టొకటి. జుట్టు విరబోసుకుని తిరిగే చక్రం దగ్గరికి వెళ్తే నెత్తి మీద చర్మం కూడా మిగలదు. దానికి అప్పుడే ఎర్రచుక్క పెట్టాను, ఎవరు విన్నారు?"

"అన్నేళ్ళలో ఒక్కర్తె కూడా ఉండి ఉండదా మేడమ్? ఒక్కర్తె?"

"ఉండొచ్చు. ఆధారం ఏదీ?"

ఆ మాట దగ్గర ఆఫీసులో అందరి నోళ్ళూ మూతపడేవి. మా తాత అనేవాడు మేడమ్, మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు మేడమ్ అని ఎవరైనా నసిగితే, "ఇంట్లోవాళ్ళు చెప్పింది ఆధారం కాదు నాయనా" అని ఆమె నవ్వుతూ ఎర్రచుక్క అంటించేది.

సంతకం సాయంత్రం నాలుగింటికల్లా కావాలన్నాడు పెద్దాయన. ఆమె కాగితం తీసుకుని తన బల్ల దగ్గరికి వచ్చింది. అందులో ఆలోచించడానికేమీ కనపడలేదు. సంతకం పెడితే పుస్తకం నిలబడుతుంది. మూడువందలమంది చదివిన మాట మూడు కోట్లమంది ఇళ్ళలో తెర మీద కనిపిస్తుంది, ఆమె పేరుతో సహా. ఏ చరిత్రకారుడికి పడుతుంది అంత అదృష్టం. ఆమె కలం మూత తీసింది.

"మేడమ్, ఒక్క నిమిషం వస్తారా? దెయ్యాన్ని చూపిస్తాను."

అన్నది బాబాయ్. బొమ్మల్ని కదిలించడం అతని పని. నలభై దాటిన స్థూలకాయుడు, తనకన్నా పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. ఏ కదలికనైనా ముందు తన ఒంటితో చేసి చూసుకుంటే తప్ప తెర మీదికి ఎక్కించడు. ఒకసారి నిచ్చెన ఎక్కే మనిషి కోసం బీరువా ఎక్కి, దిగడం రాక, నలుగురు కలిసి దించాల్సి వచ్చింది.

అతని తెర మీద ఒక మగమనిషి నడుముకు నార చుట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. అతని చేతుల్లోంచి నార జారుతూ, పురి ఎక్కుతూ, తాడై ముందుకు సాగుతోంది. ఆ తాడు అవతలి కొసన, పురి ఎక్కించే ఒక చక్రం కొక్కేనికి తగిలించి ఉంది. చక్రం దానంతటదే గిరగిరా తిరుగుతోంది.

"దెయ్యం ఇదే," అన్నాడు బాబాయ్. "ఎవరు తిప్పుతున్నారు మేడమ్ దీన్ని? మనిషిని పెడదామని మీ పుస్తకం వెనకాల జాబితా చూశాను. తిప్పేవాడు కనపడలేదు."

జాబితా ఆమెకు కంఠతా వచ్చు. "అరవై చక్రాలు. పేనేవాళ్ళు అరవైమంది. తారు పూసేవాళ్ళు పన్నెండుమంది, మోసేవాళ్ళు ఇరవై, మేస్త్రీలు నలుగురు, కాపలావాళ్ళు ఇద్దరు."

"తిప్పేవాళ్ళు?"

ఆమె మళ్ళీ మొదటినుంచి మనసులో చదువుకుంది. తొంభై ఎనిమిదిమంది. అందరి చేతులకూ పని ఉంది. చక్రాల దగ్గర ఎవరూ లేరు.

"నీళ్ళతో తిరిగేదేమో?"

"కాదు. పిడి ఉంది. చేత్తో తిప్పేదే."

"పోనీ పేనేవాడే అప్పుడప్పుడూ వచ్చి తిప్పిపోతాడా?"

"నాలుగువందల అడుగుల అవతల ఉంటాడయ్యా వాడు. ఆ మనిషి కాలూ, ఈ మనిషి చెయ్యీ ఒకేసారి ఆడాలి."

"ఏ మనిషి చెయ్యి?" అన్నాడు బాబాయ్.

జవాబు కోసం బాబాయ్ ఆగలేదు, అప్పటికే అతనికి పని పూనకం వచ్చేసింది. తువ్వాలు నడుముకు బిగించుకున్నాడు, కంప్యూటరు తీగ ఒకటి లాగి కొస ఆమె పక్కనున్న కుర్చీకి కట్టాడు. "మీరక్కడ నిలబడి ఊరికే చెయ్యి తిప్పుతూ ఉండండి మేడమ్, నేను వెనక్కి నడుస్తాను. ఎంత వేగమో నాకు తెలియాలి," అన్నాడు. బల్లల మధ్యనుంచి పిరుదులతో దారి వెతుక్కుంటూ వెనక్కి బయల్దేరాడు. పక్కవాళ్ళు కుర్చీలు జరుపుకున్నారు.

ఆమె గాలిలో చెయ్యి తిప్పింది. నాలుగు చుట్లు ఎలాగోలా తిప్పింది. అయిదో చుట్టుకు ఆమె ఎడమకాలు దానంతటదే ముందుకు వచ్చింది. బరువు దాని మీద పడింది, కుడి భుజం కిందికి దిగి పైకి లేవడం మొదలుపెట్టింది. కళ్ళు చేతి మీద లేవు, నేరుగా బాబాయ్ చేతుల మీద ఉన్నాయి. అతను ఒక కుర్చీకి తగిలి తడబడితే ఆమె చెయ్యి ఠక్కున ఆగింది.

"పురి ఎక్కువైంది, ఆగు. రెండడుగులు ముందుకు రా," అంది.

గొంతు ఆమెదే. మాట ఆమెది కాదు. బాబాయ్ రెండడుగులు ముందుకు వచ్చాడు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్?"

నేర్చుకోలేదు. చూసింది. బడి వదిలాక కార్ఖానా గుమ్మం దగ్గర సంచి పట్టుకుని కూర్చుని, రోజూ, ఎనిమిదేళ్ళపాటు చూసింది. లోపల చివర నాన్న, ఈ చివర అమ్మ. ఇంట్లో ఆ పనికి ఉన్న పేరు సాయం. "అమ్మ ఏదే?" అంటే "నాన్నకు సాయం వెళ్ళింది" అని చెప్పేది. బడి కాగితంలో తండ్రి వృత్తి దగ్గర తాళ్ళు పేనడం అనీ, తల్లి వృత్తి దగ్గర ఇంటిపని అనీ తన చేత్తోనే రాసింది. పెద్దయ్యాక నూటపదేళ్ళ హాజరు పుస్తకాలు ఒక్కొక్క పేజీ తిప్పి చూసినప్పుడు ఆమెకు అమ్మ గుర్తు రాలేదు. ఎందుకు గుర్తొస్తుంది? అమ్మ వేరు, చరిత్ర వేరు. తాడు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో వాడి పేరు రాసుకుని మేస్త్రీ వెళ్ళిపోయాడు. ఆ మేస్త్రీ రాసిందాన్ని ఆమె నమ్మింది. కూతురు కాబట్టి పక్షపాతం అంటారేమోనని మరీ గట్టిగా నమ్మింది.

ఇదంతా ఆమెకు ఆ నిలబడ్డ చోటే అర్థమైంది. అర్థమైతే గుండె ఆగుతుందనీ, కళ్ళు తిరుగుతాయనీ అంటారు. అలాంటిదేమీ జరగలేదు. లెక్కల్లో తప్పు దొరికినట్టు దొరికింది. కుర్చీకి కట్టిన తీగ విప్పి బాబాయ్‌కి ఇచ్చి, కాగితం పట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళింది. కథ రాసే అమ్మాయి అక్కడే ఉంది.

"నేను దీని మీద సంతకం పెట్టను. పుస్తకంలో ఆ మాట తప్పు," అంది. అరవై చక్రాల సంగతి చెప్పింది. "చక్రం తిప్పింది పేనేవాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు. మనిషికొకరు. అరవైమంది."

"ఎక్కడ రాసి ఉంది మేడమ్?"

"ఎక్కడా రాసి లేదు. మా అమ్మ తిప్పింది. నేను చూశాను."

పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇంట్లోవాళ్ళది ఆధారం కాదని మీరే కదా మేడమ్..."

"అవును. నేనే."

కథ రాసే అమ్మాయి ఎగిరి గంతేస్తుందనుకుంది ఆమె. అమ్మాయి మాత్రం కనుబొమలు ముడేసింది. "అయితే నా కథానాయిక వెనక్కి నడవదా? ఒకేచోట నిలబడి చెయ్యి తిప్పుతూ ఉంటుందా? అది గేము ఎలా అవుతుంది మేడమ్? నాకు కథానాయిక కావాలి గానీ..." అని ఆగిపోయింది. ఆడవాళ్ళు లేరన్నవాళ్ళకూ, ఉండాలన్నవాళ్ళకూ కూడా నిజంగా ఉన్న ఆడవాళ్ళు పనికొచ్చేలా లేరు. ఆమెకు నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే.

"మీ పుస్తకం పోతుంది మేడమ్," అన్నాడు పెద్దాయన మెల్లగా. "మాకోసం మాట మార్చారంటారు. ఆలోచించుకోండి."

"ఆలోచించాను," అంది. నాలుగు కావడానికి పది నిమిషాలుండగా, అరవై మూడో పేజీ ఫోటో పెట్టిన ఆ మర్యాదస్థుడి పోస్టు కిందే, తన పేరుతో నాలుగు వాక్యాలు రాసింది. ఆ పేజీ తప్పు, రాసింది నేను, చక్రాలు తిప్పినవాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు, వాళ్ళు ఆడవాళ్ళు. అయిదు నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది. అమ్ముడుపోయింది అని. తర్వాత అలాంటివే ఇంకో నలభై. ఆమె అన్నీ చదివింది. తిట్లు కూడా తిమ్మిరి మీదే పడ్డాయి. సంచి భుజానికి తగిలించుకుని ఆరింటికల్లా ఇంటికి చేరింది.

ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. నాన్నకు ఎనభై మూడేళ్ళు, చూపు తగ్గింది గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. కిటికీ పక్క కుర్చీలో రేడియో వింటూ కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పి ఎదురుగా మంచం మీద కూర్చుంది.

"నాన్నా, కార్ఖానాలో చక్రం ఎప్పుడూ అమ్మే తిప్పేదా?"

"మరెవరు తిప్పుతారు?" నాన్న రేడియో గొంతు తగ్గించాడు. "పెళ్ళైన మూడో నెల నుంచి కార్ఖానా మూసేసేదాకా అదే. ఇరవై రెండేళ్ళు మీ అమ్మ మొహం చూసుకుంటూ వెనక్కి నడిచానమ్మా. నడిచేకొద్దీ చిన్నదైపోయేది. అవతలి గోడదాకా వెళ్తే వేలెడంత కనపడేది. చెయ్యి మాత్రం ఆగేది కాదు."

"మిగతావాళ్ళకి?"

"అందరికీ అంతే. పెళ్ళాలు, చెల్లెళ్ళు, ఒకడికైతే అత్తగారు. ఎవరో ఒకర్ని తెచ్చుకుంటేనే పనిలోకి రానిచ్చేవాళ్ళు. హాజరు మాత్రం మాదే."

"నేను పుస్తకంలో ఆడవాళ్ళు లేరని రాశాను నాన్నా. ఇవాళ అది తప్పని అందరికీ చెప్పేశాను."

ఈ మాట చెప్పేటప్పుడు ఆమెకు ఎక్కడో చిన్న తృప్తి కలిగింది. ఇరవై మూడు రోజులు ఆలస్యమైతే అయింది, అమ్మకు ఇవ్వాల్సింది ఇచ్చాను అనుకుంది. నాన్న తల ఊపాడు.

"ఆ మాటేనా? టీచరమ్మ చదువుతూ చదువుతూ అక్కడే ఆగిందట."

"ఏ టీచరమ్మ?"

"కింద ఇంట్లో ఉండేది చూడు. పుస్తకం అచ్చయి రాగానే మీ అమ్మ రోజూ మధ్యాహ్నం దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళేది, చదివించుకోవడానికి. నీకు చెప్పొద్దంది, చదువు రాక ఎవరినో బతిమాలుకున్నానంటే నువ్వు బాధపడతావని. మొత్తం పన్నెండు రోజులు పట్టింది. ఆ మాట దగ్గర టీచరమ్మ ఆగి, అదేంటండీ, మీరు వెళ్ళేవారు కదా అందట. కానివ్వమ్మా, మా అమ్మాయి అన్నీ చూసే రాసుంటుంది అందట మీ అమ్మ."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇంటికొచ్చి నీతో ఏమంది నాన్నా?"

"ఏమంటుంది? మనది పని కిందికి రాదులే అంది. వెనకాల పేర్లలో నా పేరు వేశావు కదా, అది మాత్రం రెండుసార్లు చదివించుకుందట. నిన్ను రాసిందిగా, చాల్లే అంది."

"మీరిద్దర్లో ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదు? పదకొండేళ్ళు! ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

నాన్న మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది. ఇందులో అడగాల్సిందేముందో ఆయనకు తెలియలేదు.

"నువ్వు చదువుకున్నదానివి. పుస్తకంలో వచ్చాక ఇంక మేము చెప్పేదేముందమ్మా? ఆ తర్వాత మీ అమ్మ కూడా ఎవరడిగినా అలాగే చెప్పేది. మొన్న ఆసుపత్రిలో నర్సు, ఈ భుజం ఏంటి ఇలా ఉంది, ఏం పని చేసేవారు అంటే, నేనేం పనీ చేయలేదండీ, ఊరికే ఆయన వెంట వెళ్ళేదాన్ని అంది."

ఆమెకు ఇన్నాళ్ళకు మొదట వచ్చింది ఏడుపు కాదు, సిగ్గు. మెడ మీంచి చెవులదాకా వేడిగా పాకింది. నాన్న ఎదురుగా కూర్చోలేక లేచింది. లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ అక్కడే కూర్చుంది.